వాకిలి పట్టని బండ

కర్నూల్లో మేముండే ఇంటి వంటగట్టు పోయిన నెల ఒక మూల పగిలి కిందికి వాలింది. బాగు చేయడానికి వచ్చిన మేస్త్రీ దాన్ని అటు తట్టి ఇటు తట్టి, కడప బండ ఇప్పుడెవరు వేసుకుంటారు మేడమ్, గ్రానైట్ వేసుకోండి అని, నేను సరేననక ముందే మిషను బయటికి తీశాడు. ఒళ్ళు మండింది నాకు. మా నాయన బతుకంతా తవ్వి తీసిన రాయిని నా వంటింట్లోనే నిలబడి తీసిపారేస్తాడా అని నోటిదాకా వచ్చింది కానీ, డ్యూటీకి టైమవుతోంది, తగవు పెట్టుకునే తీరిక లేదు, కానీయ్ అన్నాను. మిషను తిరిగేచోట అతని మనిషి చెంబుతో నీళ్ళు పోస్తుంటే బూడిదరంగు నీళ్ళు గచ్చు మీదికి కారి, ఉన్నట్టుండి ఆ వాసన లేచింది. ఎండకు కాలిన బండ మీద తొలి చినుకు పడినప్పుడు వచ్చే వాసన, సున్నమూ మన్నూ కొంచెం ఇనుమూ కలిసిన వాసన. నాయన పొద్దుగూకి ఇంటికొచ్చి జాలాడిలో నీళ్ళు పోసుకునేటప్పుడు ఇంటినిండా అదే. బస్సు తప్పిపోతోందని తెలిసీ నేను వంటింటి గుమ్మంలో అట్లాగే నిలబడిపోయాను.

మాది ఎర్రగుంట్ల దాటి, తారురోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే పల్లె. చుట్టూ నాపరాతి గనులు. మా ఊళ్ళో బండ కానిదేదీ ఉండేది కాదు. మిద్దె మీద బండ, ఇంట్లో పరుచుకున్నది బండ, చేనుకు కంచెగా నిలబెట్టింది బండ, దొడ్డి గోడ బండ, బడికి పోతే పలకకు బదులు నున్నటి బండముక్క. ఎండాకాలం మధ్యాహ్నాలు వట్టి కాళ్ళతో వీధి దాటాలంటే నీడ నుంచి నీడకు గెంతాల్సిందే. తొలికోడి కూసిన కాసేపటికే గనుల్లో సుత్తెల చప్పుడు మొదలయ్యేది. ఆడపిల్లలం రాలిన పెంకుల్లో గుండ్రటివి ఏరుకుని తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం, చిన్న గులకలతో అచ్చనగిళ్ళు ఆడేవాళ్ళం, మధ్యలో ఎవరి అమ్మ పిలిస్తే వాళ్ళు తిట్టుకుంటూ లేచిపోయేవాళ్ళు. చలికాలం పొద్దున రాగిసంగటి మీద చెనిక్కాయల ఊరుబిండి, అదే వేరుశనగ పచ్చడి, వేసుకుని, ఎండ పొడ తగిలిన బండ మీద వీపు ఆనించి కూర్చుంటే ఆ వెచ్చదనం ఎముకల దాకా పోయేది. నాయన కనురెప్పల వెంట్రుకల మీద ఎప్పుడూ తెల్లటి దుమ్ము ఉండేది, ఎంత కడిగినా పోయేది కాదు.

నాయన పేరు దానియేలు, ఊరంతా దానేలు అనేది. మంచివాడే, కానీ ఆయనతో వేగడం మా అమ్మ సువార్తమ్మకే చెల్లింది. అందరూ ఆదివారం వాక్యం విని, బయట చెప్పులు తొడుక్కునేలోపు మరిచిపోయేవాళ్ళు. ఈయన మాత్రం దాన్ని మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకుని, సోమవారం పొద్దున గనికి మోసుకుపోయేవాడు. ఏ పని చేసినా మనుషుల మెప్పు కోసం కాదు, దేవుని పనే అనుకుని చేయాలని అయ్యగారు ఒక ఆదివారం చెప్పారు. అయ్యగారంటే మా పాస్టరు. అంతే, మర్నాటి నుంచి మొదటి దెబ్బ వేసేముందు సుత్తి కింద పెట్టి, తలగుడ్డ తీసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేయడం మొదలుపెట్టాడు. క్రైస్తవుడై ఉండి రాయికి మొక్కుతాండాడే అని గనిలో ఒకటే నవ్వులు. పని ఆలస్యమవుతోందని గని మేస్త్రీ అరుపులు. అవన్నీ ఇంటికొచ్చి చెప్తే అమ్మ తల పట్టుకునేది. వాక్యం ఊరంతా వింటాది గానీ నమ్మేది ఈయప్ప ఒక్కడే అనేది.

చెనిక్కాయలు పీకి, జొన్న కంకులు కోసి, కల్లాలు ఖాళీ అయ్యే రోజుల్లో మా మందిరంలో కోత పండుగ వచ్చేది. మాకు క్రిస్మస్ తర్వాత అంత పెద్ద పండుగ అది. ఆ వారమంతా ఊళ్ళో పచ్చి చెనిక్కాయలు ఉడికే వాసన, కొత్త బెల్లం వాసన, ఓళిగల కోసం ఉడకబెట్టిన శనగపప్పు వాసన. ఎవరి చేతుల కష్టంలో మొదట వచ్చినది వాళ్ళు తెచ్చి దేవుని ముందర పెట్టాలి. చేలున్నవాళ్ళు చెనిక్కాయల మూటలు, కొర్రలు, గుమ్మడికాయలు, పొట్టేలు పిల్లలు తెచ్చేవాళ్ళు. కూలికిపోయే ఆడవాళ్ళు చేలో ఏరుకున్న కంకులు కట్టగట్టి తెచ్చేవాళ్ళు. ఒక అవ్వ ప్రతి ఏడూ పెట్టను చంకనేసుకొచ్చేది, అది ప్రతి ఏడూ పాట మధ్యలోనే అరిచేది. అయ్యగారు వాటన్నిటి మీద చేతులు చాపి ఆశీర్వాద ప్రార్థన చేశాక బయట చెట్టు కింద హర్రాజు పెట్టేవాళ్ళు. సంఘ పెద్ద జకరయ్య ఒక్కొక్కటే చేతిలోకెత్తి, ఒకటోసారి, రెండోసారి అని పాడుతుంటే, తమ గుమ్మడికాయను తామే ఎక్కువ పాడి కొనుక్కునేవాళ్ళూ ఉండేవాళ్ళు, పక్కింటివాని పొట్టేలును పంతానికి పాడేవాళ్ళూ ఉండేవాళ్ళు. తర్వాత మందిరం వెనక వండిన అన్నం, పొట్టేలు కూర, వంకాయ పులుసు, అందరూ వరసగా కూర్చుని తినేవాళ్ళు.

ఇందులో గనివాళ్ళతోనే వచ్చింది చిక్కు. వాళ్ళకు పంటేముంది? సంతలో ఒక గుమ్మడికాయో కోడిపిల్లో కొని తెచ్చి పెట్టేవాళ్ళు. అందరికీ సరిపోయిన ఈ ఏర్పాటు నాయనకు సరిపోలేదు. ఎవరో పండించింది కొనుక్కొచ్చి నా పంట అని ఎట్లా చెప్పేది, దేవునికాడ అబద్ధమా అని ప్రతి ఏడూ రేగేవాడు. ఏదో ఒకటి తీసుకుని పోదాం పద అని ప్రతి ఏడూ అమ్మ గుమ్మడికాయ ఆయన నెత్తిన పెట్టేది.

నాకు బాగా ఊహ తెలిశాక ఒక ఏడు గనిలో మంచి పొర తగిలింది. నాయన దానిలోంచి ఒక బండ లేపాడు. అంత పెద్దది, పగులు లేనిది, వేలితో తడితే కంచులాగా మోగేది, ఎప్పుడూ లేవలేదట. కూలికి బదులు అదే కావాలని గని యజమానిని అడిగి తీసుకున్నాడు. అమ్మకు ఆ సంగతి బండి వాకిట్లోకి వచ్చేదాకా తెలియదు. తెలిశాక రెండు దినాలు పొయ్యి రాజేసినప్పుడల్లా మమ్మల్నీ పొయ్యినీ కలిపి తిట్టింది. నాయన పట్టించుకోలేదు. సాయంత్రాలు దాని అంచులు ఉలితో సరిచేసి, పైన నీళ్ళు చల్లి ఇసుకరాయితో రుద్ది రుద్ది, ముఖం కనబడేట్టు చేశాడు. దాన్ని బలిపీఠం ముందర పరుస్తారని, అయ్యగారు దాని మీద నిలబడి ప్రార్థన చేస్తారని ఆయన ఆశ. ఆ ఒక్క పొద్దన్నా తన పనిని పనిగా తీసుకుపోయి దేవుని ముందర పెట్టాలి, ఆయనకు కావలసింది అంతే.

పండుగ పొద్దున ఎద్దులబండి మీద దానికి పూలదండ వేసి తీసుకుపోయాం. గనివాళ్ళంతా గడ్డపారలతో, తాళ్ళతో వెంట వచ్చారు. మా మందిరం దొరల కాలంలో కట్టింది. మందపాటి గోడలు, వంగి దూరాల్సిన పొట్టి వాకిలి. బండను దించారు, లేపారు, వాకిలి దాకా జరిపారు. నిలబెడితే పట్టలేదు. పండబెడితే పట్టలేదు. ఓరగా పెట్టి చూశారు, ద్వారబంధం సున్నం రాలింది. జకరయ్య లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి, గుడి పడగొడతారా ఏందప్పా అని అడ్డం నిలబడ్డాడు. తా దూర కంత లేదు, మెడకో డోలు అని ఎవరో వెనక నుంచి అన్నారు. జనం ఘొల్లున నవ్వారు. నాయన చెమటతో తడిసిన తలగుడ్డ చేత్తో పట్టుకుని ఆ వాకిలి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళు ప్రతి ఆదివారం వంగి వంగి దూరిన వాకిలే అది. మా అమ్మ జనంలోంచి ముందుకొచ్చి, గొంతు పెద్దది చేయకుండానే అనింది.

"ఊర్లో వాకిండ్లన్నీ కొలిచి బండలు కోస్తావు. దేవుని వాకిలి కొలవాలని తోచలేదా నీకు?"

బండ బయటే గోడకు ఆనించారు. లోపల పాటలైనాయి, పెట్ట అరిచింది, అయ్యగారు చేతులు చాపి గుమ్మడికాయల మీద, మూటల మీద, పెట్ట మీద ప్రార్థన చేశారు. ఆరాధన ముగిసి అయ్యగారు బయటికి రాగానే నాయన ఎదురుపోయి చేతులు కట్టుకుని అడిగాడు.

"అయ్యా, ప్రార్థన లోపల జరిగింది గదా. బయట ఉండేదానికి అందిందా?"

అయ్యగారు పెద్దవారు, మంచివారు, కానీ ఆకలి మీదున్నారు. దేవుడు అన్నీ చూస్తాడులే దానియేలూ అని భుజం తట్టి పోయారు. అది జవాబా? నాకు ఇప్పటికీ కోపమే. ఔనంటే ఔననాలి, లేదంటే బండ మీద చెయ్యి పెట్టి రెండు మాటలు చెప్పి పోవాలి, ఎంతసేపు పడుతుంది? హర్రాజులో మరీ అన్యాయం. అన్నీ అమ్ముడుపోయినాక జకరయ్య బండ దగ్గరికొచ్చి పాట మొదలుపెట్టాడు. ఒక్కరూ నోరు తెరవలేదు. ఎవరింట్లో లేదు బండ? సమాధికి పనికొస్తాది, ఎవురికన్నా తొందరుంటే పాడండప్పా అన్నాడు జకరయ్య. మళ్ళీ నవ్వులు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, అమ్మకు కూలి పోయినందుకు రాని ఏడుపు ఆ నవ్వులకు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని వంటల దగ్గరికి పోయింది. నాయన ఆ రోజు అన్నం దగ్గర కూర్చోలేదు.

దేవునికి ఇచ్చినది హర్రాజులో పాడి కొనుక్కుంటే తప్ప మళ్ళీ ఇంటికి తెచ్చుకోకూడదు, అది మా సంఘంలో పద్ధతి. లోపలికి పోదు, ఇంటికి రాదు, అమ్ముడుపోదు. ఏడాది పొడుగునా అట్లాగే గోడకు ఆనుకుని నిలబడింది. మేం పిల్లలం దాని మీదుగా జారేవాళ్ళం, బొగ్గుతో పులిజూదం గళ్ళు గీసేవాళ్ళం, నాయన చూస్తే తరిమేవాడు. ఆదివారం పొద్దున అందరికంటే ముందే పోయి తలగుడ్డతో దాన్ని తుడిచి లోపలికి వచ్చేవాడు. అది చూసి మగవాళ్ళు నవ్వుకుంటే అమ్మ వాళ్ళను చూడకుండా నాయననే గుడ్లురిమి చూసేది. ఆ ఏడంతా మా ఇంట్లో ఎవరూ రాయి మాట ఎత్తలేదు. బండ మీద బండ కట్టిన ఇంట్లో రాయి మాట ఎత్తకుండా బతకడమెంత కష్టమో మీరే ఆలోచించండి.

మళ్ళీ కోత పండుగ వచ్చింది. ముందురోజు వాన పడి మందిరం వెనకంతా బురద. వంటకు వచ్చిన ఆడవాళ్ళు గనికి పోయే తమ మగవాళ్ళను కేకేసి, ఆ బండను వెనక్కి జరిపించి, నాలుగు రాళ్ళ మీద పరిపించారు. దాని మీద ఎర్రగడ్డలు కోశారు. ఉల్లిపాయలకు మా వైపు అదే పేరు. వంకాయలు తరిగారు, మసాలా నూరారు, పొట్టేలు మాంసం కడిగారు. ఆ పొద్దు ఆలస్యమైన నాయన గుడ్డ పట్టుకుని తుడవడానికి వచ్చి గోడ దగ్గర బండ లేక, వెతుక్కుంటూ వెనక్కి వచ్చాడు. అక్కడి వాలకం చూసి ముఖం నల్లబడింది. అంత నెమ్మదైన మనిషి అరిచాడు, దేవునికి ఇచ్చినదాని మీద ఎర్రగడ్డలా, మసాలా మరకలా, మీకు బుద్ధుందా అని. లోపల అప్పుడే ఆశీర్వాద ప్రార్థన మొదలైంది. అయ్యగారి గొంతు కిటికీ లోంచి సన్నగా వస్తోంది, మాటలు తెలియడం లేదు. అమ్మ కత్తి కింద పెట్టింది. ఎర్రగడ్డల ఘాటుకో మరెందుకో కళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"పెండ్లయి ఈ ఊరికి వచ్చినకాన్నుంచి ప్రతి పండక్కీ నేను ఈ పొయ్యికాన్నే ఉండా. ఒక్క ప్రార్థనకూ లోపల లేను. నీ బండకు అందిందా లేదా అని అయ్యగార్ని అడిగినావే, మాకు అందిందా అని ఎప్పుడన్నా అడిగినావా?"

పొయ్యి మీద అన్నం కుతకుతమంటోంది, ఎవరూ కదిలించడం లేదు. నాయన చేతిలో తుడవడానికి తెచ్చిన గుడ్డ అట్లాగే ఉంది. ఆ గుడ్డను నడుముకు చుట్టుకుని, బండకు ఒక పక్క గొంతుక్కూర్చుని, ఒక ఎర్రగడ్డ చేతిలోకి తీసుకున్నాడు. లోపల ఆమెన్ అన్నారు. బయట ఈయన ఎర్రగడ్డ ఎట్లా ఒలవాలో తెలియక పొట్టుతో సహా కోస్తుంటే, అమ్మ లాక్కుని, చేతకాని పనికి వచ్చి మా పాణం తీస్తాండావు అని తిట్టింది.

ఆ తర్వాత నాయన ఏ కోత పండుగకూ ప్రార్థన సమయానికి లోపల లేడు. బండ పక్కన కూర్చునేవాడు. పోయేదాకా ఎర్రగడ్డలు సరిగ్గా కోయడం రాలేదు, ఒకటి లావు ఒకటి సన్నం. ఆడవాళ్ళకు అడ్డం. లెమ్మంటే లేవడు. ప్రార్థన ముగిసే వేళకు కత్తి కింద పెట్టి, మసాలా మరకల మీదే అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. వంట చేసేవాళ్ళు కూడా ఒక్క నిమిషం చేతులాపి ఆ బండ మీద చేతులు పెట్టడం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు. ఊహ తెలిసిన పిల్లలం మేమూ పెట్టేవాళ్ళం. గుండిగలు తోమి తోమి, బూడిదా చింతపండు గుజ్జూ వేసి రుద్ది రుద్ది, దాని నడిమి భాగం కొంచెం లోపలికి అరిగింది.

నేను నర్సునయ్యాను. ఆదివారమని జబ్బులు సెలవు తీసుకోవు. వార్డులో సెలైన్లు మారుస్తుంటే ఆదివారాలు పోతాయి. కర్నూల్లో మా సంఘంలో ఒకావిడ ఉంది, కనబడితే చాలు, నీకు దేవునికంటే డ్యూటీ ఎక్కువైందమ్మా అంటుంది. ఆమె చక్కెర జబ్బుతో మా వార్డులో చేరినప్పుడు ఆదివారం పూట సూది ఎవరు వేశారో అడగాలని నాలుక చివరిదాకా వస్తుంది. అడగను. అడిగినా ఆ తలకాయకు ఎక్కదు.

వంటగట్టు పనయిన వారానికే ఊర్లో కోత పండుగ. డ్యూటీ మార్చుకుని అమ్మను తీసుకుపోయాను. నాయన పోయినప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంది. పాత మందిరం లేదు. ఆ చోటనే పెద్దది కట్టారు, కాలు పెడితే జారే టైల్సు, ఏనుగైనా దూరే వాకిలి. పండుగకు మూటలు లేవు, పెట్ట లేదు, హర్రాజు లేదు, ఖాళీ కవర్లు పంచి డబ్బులు పెట్టిన కవర్లు తీసుకుంటారు. భోజనం ఎర్రగుంట్ల నుంచి వ్యానులో డబ్బాల్లో వస్తుంది, తిని ప్లాస్టిక్ ప్లేటు పారేస్తే అయిపోయింది. గనుల్లో మిషన్లు వచ్చాక సుత్తెల చప్పుడూ పోయింది. కమిటీ సెక్రటరీ ఎదురొచ్చి ఎంతో మర్యాదగా చెప్పాడు, వెనక పడున్న పాతబండను సోమవారం పగలగొట్టి మెట్ల పక్క ర్యాంపు కింద వేస్తారట. నాయన గుర్తుకు ముక్క కావాలంటే తీసుకోని పో అక్కా, మేమేమీ అనుకోము అన్నాడు. అనుకోరట! నేను నోరు తెరిచేలోపే అమ్మ, దేవునికి ఇచ్చిండేది మళ్ళా ఇంటికి తెచ్చుకోగూడదు నాయనా అని చెప్పి ముందుకు నడిచింది.

ఆశీర్వాద ప్రార్థనకు అందరూ లేచి నిలబడ్డారు. చూస్తే పక్కన అమ్మ లేదు. మోకాళ్ళ నొప్పులమనిషి యాడికి పోయిందో అని గొణుక్కుంటూ, ఆ టైల్సు మీద జారకుండా కాలి వేళ్ళు బిగబట్టి వెనక్కి పోయాను. బండ మీద జనం విప్పిన చెప్పులు, తాగి పారేసిన నీళ్ళ ప్యాకెట్లు. అమ్మ చెప్పులన్నీ కిందికి నెట్టేసి, కొళాయి తిప్పి చెంబుతో నీళ్ళు పోస్తూ చీపురుతో రుద్దుతోంది. పండుగ చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసిపోయాయి. ఎండకు కాలిన రాయి మీద నీళ్ళు పడి, అదే వాసన. గోడకు కట్టిన పెద్ద మైకుల్లో కుర్ర పాస్టరు గొంతు చెవులు చిల్లులు పడేట్టు వస్తోంది. ఊరి చివరి గని దాకా వినబడుతుంది కాబోలు. బయట కూర్చుని వినడానికి వంట చేసే మనిషంటూ ఒక్కరు లేరు.

"ఎండలో ఏం చేస్తాండావు మా? ప్రార్థన అయితాండాది, లోపలికి రా."

అమ్మ తడి చేతిని బండ నడుమ, అరిగిన చోట ఆనించి, తలెత్తకుండానే అనింది.

"అందుతాండాది లే పాపా, ఈడికి అందుతాండాది. ఆ చెంబు ఇట్లియ్యి."

నీళ్ళు నింపి ఇచ్చాను.